అమ్మతో వలెన్సియా: మార్చిలో ఫాయాస్ పండగకా, ఏప్రిల్లోనా?

లావణ్య, ఎంవీపీ కాలనీ:
ఈసారి అమ్మను స్పెయిన్‌లో వలెన్సియాకు తీసుకెళ్దామనుకుంటున్నాను. పుట్టి పెరిగింది విశాఖలోనే, సముద్రం లేని ఊళ్ళో ఆవిడకు రెండో రోజుకే తోచదు, అందుకే ఆ ఊరు. అందరూ ఫాయాస్ పండగ చూడాల్సిందే అంటున్నారు కానీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. మార్చిలో వెళ్ళాలా, ఏప్రిల్లోనా? సముద్రంలో కాసేపు దిగాలని కూడా ఆవిడ ఆశ. వీసా గురించీ టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సుధీర్, గాజువాక:
నేను అక్కడ చదువుకున్నాను, ఆ పండగంటే నాకు ప్రాణం, అయినా అమ్మగారితో ఆ వారం వద్దనే చెప్తాను. మార్చి 1 నుంచి 19 వరకు రోజూ మధ్యాహ్నం రెండింటికి నగరసభ ముందు చౌకులో బాణసంచా పేలుస్తారు. అది కళ్ళకు కాదు, చెవులకు. చివరికొచ్చేసరికి మోత గుండెల్లో తగులుతుంది, కాళ్ళ కింద నేల అదురుతుంది, జనం గంట ముందునుంచే నిలబడి ఉంటారు, కూర్చునే చోటే దొరకదు. 15 నుంచి 19 దాకా వీధులు మూసేస్తారు, బస్సులు దారి మళ్ళిస్తారు, గదుల అద్దెలు మండిపోతాయి. పండగకని వీధుల్లో నిలబెట్టిన పెద్ద పెద్ద బొమ్మలన్నిటినీ 19 రాత్రి తగలబెట్టేస్తారు, అది మాత్రం మీరు ఒక్కరే వెళ్ళినప్పుడైనా చూడండి.

ఏప్రిల్ రెండో సగం హాయిగా ఉంటుంది, పగలు 20 డిగ్రీలు అటూ ఇటూ, సాయంత్రం స్వెటర్ కావాలి. ఈస్టర్ వారం మాత్రం తప్పించండి, ఆ తేదీ ఏటా మారుతుంది, 2027లో మార్చి 28. నీళ్ళు మాత్రం అప్పటికీ 15, 16 డిగ్రీలే. మన ఆర్కే బీచ్‌లో అలవాటైనవాళ్ళు పాదాలు తడుపుకుని వచ్చేయడమే. మల్వరోసా బీచ్ పక్కన నడకదారి చదునుగా ఉంటుంది, అక్కడ ఆవిడకు పొద్దుపోతుంది.

తూరియా పార్కు అస్సలు వదలకండి. ఒకప్పుడు అక్కడ తూరియా నది పారేది. 1957లో అది పొంగి ఊరంతా ముంచేస్తే, నదినే ఊరికి దక్షిణంగా మళ్ళించారు. ఎండిన నదిలో హైవే వేస్తామంటే జనం ఒప్పుకోలేదు, పోరాడి తోట చేయించుకున్నారు. పాత రాతి వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్ళకు బదులు నారింజ చెట్లు, సైకిళ్ళు, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు. లోపల ఎక్కడా ఎత్తు ఎక్కక్కర్లేదు.

పద్మజ, సీతమ్మధార:
తిండి గురించి నేను చెప్తా. పాయెల్యా అనే అన్నం వంటకం పుట్టింది అక్కడే, కానీ అసలుదాంట్లో కోడి, కుందేలు మాంసం వేస్తారు. కూరగాయలది అడిగినా అన్నం మాంసం రసంలోనే ఉడికించి ఉండొచ్చు, కాబట్టి ఆ సంగతి విడిగా అడగండి. రాత్రి ఎనిమిదిన్నర దాకా చాలా హోటళ్ళలో వంట మొదలవదు, మనవాళ్ళు ఆకలితో నీరసపడిపోతారు. నా మాట విని వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి, సెంట్రల్ మార్కెట్‌లో కూరలు, పళ్ళు కళ్ళు చెదిరేలా ఉంటాయి, ఆదివారం మూసేస్తారు. ఓర్చాతా తాగించండి, గింజల్లాంటి చిన్న దుంపలతో చేసే చల్లటి పానీయం, పాలు కలపరు. పొడులు సర్దుకోండి కానీ నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు వద్దు, యూరప్‌లోకి రానివ్వరు.

రమణ, మధురవాడ:
వీసాకు ఇద్దరూ హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ అంత చివరిదాకా ఆగకండి, ఎండాకాలం సెలవుల ముందు స్లాట్లు దొరకవు. ఫీజు మనిషికి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ళ చార్జీ అదనం. 30,000 యూరోలకు తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమ్మగారి ఖాతాలో పెద్దగా డబ్బు లేకపోతే ఖర్చు మీదేనని లెటర్, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆవిడ మీ అమ్మ అని చూపే కాగితం జత చేయండి.

లావణ్య, ఎంవీపీ కాలనీ:
అందరికీ చాలా థాంక్స్, ఏప్రిల్ రెండో సగమే ఖాయం చేస్తున్నాం. సుధీర్ గారూ, ఇల్లు ఏ పేటలో చూడమంటారు?

సుధీర్, గాజువాక:
కబన్యాల్‌లో చూడండి. పాత జాలరిపేట, ఇళ్ళ ముందు గోడలకు రంగురంగుల టైల్స్ అతికించి ఉంటాయి, బీచ్‌కు నడిచి వెళ్ళొచ్చు. కానీ లిఫ్ట్ లేని పాత ఇళ్ళు ఎక్కువ, బుక్ చేసేముందు గ్రౌండ్ ఫ్లోరా కాదా అడిగి తెలుసుకోండి.