కీట్స్ కవితల్లో అందం పక్కనే ఏడుపు ఎందుకు?

మల్లెపందిరి:
ఎమ్మే ఇంగ్లీషు రెండో ఏడాది చదువుతున్నాను. రొమాంటిక్ కవుల పేపర్లో కీట్స్ ఉన్నాడు. మా నోట్సులో మాత్రం ‘లోకంలో బాధలు భరించలేక అందంలోకి పారిపోయిన కవి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. క్లాసులో అందరూ అదే రాస్తారు, మార్కులు కూడా దానికే పడతాయి. నాకేమో అలా అనిపించడం లేదు, ఎందుకు అనిపించడం లేదో చెప్పడం చేతకావడం లేదు.

సొంత సంగతి ఒకటి చెప్పాలి. పోయిన వేసవిలో మా అమ్మమ్మ పోయింది. పదకొండో రోజు సాయంత్రం పెరట్లోకి వెళ్తే, ఆవిడ నాటిన మల్లె విరగబూసి ఉంది. ఎంత బాగుందంటే అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి, ఇంట్లో ఇంత జరిగితే నాకు పూలు అందంగా ఎలా కనపడ్డాయి అని సిగ్గేసింది. ఆ తర్వాత కీట్స్ దుఃఖం మీద రాసిన ‘ఓడ్ ఆన్ మెలాంకలీ’ అనే కవిత చదివాను. దుఃఖం కమ్ముకొచ్చినప్పుడు పొద్దుటిపూట గులాబీని చూడమంటాడు అందులో. ఇది ఊరడింపా, నోట్సులో రాసినట్టు తప్పించుకోవడమేనా? చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

వేపచెట్టు:
పారిపోయాడు అని రాసినవాళ్లు ఆ కవిత మొదటి మాట కూడా చూడలేదనుకుంటాను. అది ‘వద్దు, వద్దు’ అనే మొదలవుతుంది. మరుపునిచ్చే నదికి వెళ్లొద్దు, విషపు వేళ్లు పిండుకుని తాగొద్దు అంటూ, నొప్పి తెలియకుండా చేసేవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి మరీ కాదంటాడు. ఎందుకూ అంటే, అవి మనసులో మెలకువగా ఉన్న వేదనని ముంచేస్తాయట. వేదన మెలకువగానే ఉండాలి అని కోరుకునేవాడిని పట్టుకుని పారిపోయాడంటే ఎలాగండీ?

కవిత మొత్తం 30 పంక్తులే. దుఃఖం ఆకాశం నుంచి ఏడ్చే మబ్బులా దిగినప్పుడు గులాబీని చూడు, తడి ఇసుక మీద అల తెచ్చే ఇంద్రధనుస్సుని చూడు, గుండ్రటి పియొనీ పూలని చూడు అంటాడు. అవన్నీ ఎంతసేపు ఉండేవో గమనించారా? గులాబీ మధ్యాహ్నానికి వాడుతుంది, అల మీద రంగులు కంటికి ఆనేలోపే పోతాయి. కావాలని ఏరి, నిలవని వాటినే మన ముందు పెడతాడు. మూడో భాగంలో ఆ సంగతి విప్పి చెబుతాడు: దుఃఖదేవత కాపురం ఉండేది అందంతోనే, చనిపోక తప్పని అందంతో. సంతోషం చెయ్యి ఎప్పుడూ పెదాల దగ్గరే ఉంటుంది, సెలవు చెబుతూ. ఆ దేవతకి వేరే గుడి లేదు, ఆనందపు గుడి లోపలే ఆమె గర్భగుడి. ద్రాక్షపండుని నాలుకతో అంగిలికి నొక్కి చిదిపినవాడికే ఆమె కనిపిస్తుందట. నాకు ఈ ద్రాక్షపండు దగ్గర ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే చిదిపితేనే రుచి, చిదిపితే పండు ఉండదు.

ఇంకో విషయం. మొదట రాసినప్పుడు దీని ముందు ఇంకో పది పంక్తులు ఉండేవి. శవాల ఎముకలతో కట్టిన ఓడ, దానికి తెరచాప కొయ్యగా ఉరికొయ్య. వాటిని ఆయనే కొట్టేశాడు. దుఃఖం అనగానే పుర్రెలు, ఎముకలు చూపించడం సులువు. అది తీసేసి గులాబీని పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

రాత్రి డ్యూటీ:
నేను సాహిత్యం విద్యార్థిని కాదు, ఛాతీ జబ్బుల వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. కీట్స్‌ని నేను చదివింది ఆ దారిలోనే. ఆయన లండన్ గైస్ హాస్పిటల్‌లో 1815లో చేరి వైద్యం నేర్చుకున్నాడు, 1816లో లైసెన్సు వచ్చింది, ఆ తర్వాత కవిత్వం కోసం దాన్ని వదిలేశాడు. వాళ్లమ్మ 1810లోనే క్షయతో పోయింది. తమ్ముడు టామ్‌కి కూడా అదే జబ్బు, పక్కనే ఉండి సేవ చేశాడు. 1818 డిసెంబర్ 1న టామ్ చనిపోయాడు, పందొమ్మిదేళ్లు.

‘ఓడ్ టు ఎ నైటింగేల్’ రాసింది 1819 మే నెలలో, అంటే తమ్ముడు పోయి ఆర్నెల్లు కూడా కాలేదు. అందులో పాలిపోయి, దయ్యంలా చిక్కిపోయి చనిపోయే యవ్వనం గురించి ఒక పంక్తి ఉంటుంది. పుస్తకంలో చదివినవాళ్లకి అది వర్ణన. వార్డులో పనిచేసినవాళ్లకి ఆ పిల్లవాడు మంచం మీద కనిపిస్తాడు, ఆ భుజాలు, ఆ చేతులు. ఇది రాసిన మనిషి వేరే గదిలో కూర్చుని ఊహించలేదు.

1820 ఫిబ్రవరి 3న దగ్గితే రక్తం పడింది. కొవ్వొత్తి తెమ్మని దాన్ని చూసి, ఆ రంగు నాకు తెలుసు, ఇది ధమని రక్తం, ఈ చుక్క నా మరణశాసనం అన్నాడని ఆ రాత్రి పక్కనున్న స్నేహితుడు బ్రౌన్ రాశాడు. చదువుకున్న చదువే ఆ క్షణం ఆయనకి అబద్ధం చెప్పుకునే వీలు లేకుండా చేసింది. 1821 ఫిబ్రవరి 23న రోమ్‌లో పోయాడు, 25 ఏళ్లకి. సమాధి మీద తన పేరు వద్దని, నీళ్ల మీద పేరు రాసుకున్నవాడు ఇక్కడున్నాడు అని మాత్రం ఉండాలని కోరాడు. మనం నీటి మీద రాత అంటాం కదా, అదే.

ఏటిగట్టు:
పైన ఇద్దరూ చెప్పింది బాగుంది, ఒక్కచోట మాత్రం నాకు అభ్యంతరం ఉంది. జబ్బు వల్ల కవిత గొప్పదైపోదు. ఆ రోజుల్లో క్షయ వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. మన దగ్గర కూడా 1925లో కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షం’ వచ్చాక భావకవిత్వంలో కన్నీళ్లు ఒక అలవాటైపోయాయి. తనది కాని ఏడుపు పద్యంలో రెండో పంక్తికే తెలిసిపోతుంది. కాబట్టి నోట్సు రాసినవాళ్ల అనుమానం పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు, దాన్ని కీట్స్‌కి అంటగట్టడమే తప్పు.

మల్లెపందిరి గారూ, మీ సిగ్గు గురించి ఎవరూ మాట్లాడలేదు. దానికి కీట్స్ కంటే, ఇంకో రొమాంటిక్ కవి వర్డ్స్‌వర్త్ దగ్గర జవాబు దొరుకుతుంది. ఆయన కూతురు కేథరిన్ 1812లో చనిపోయింది, నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత రాసిన ఒక సానెట్ (పద్నాలుగు పంక్తుల కవిత) 1815లో అచ్చయింది. ఏదో ఆనందం హఠాత్తుగా కలుగుతుంది, అది పంచుకోవాలని గాలిలా గబుక్కున పక్కకు తిరుగుతాడు. ఎవరితో? సమాధిలో ఉన్న ఆ పిల్లతోనే. అప్పుడు నిన్ను ఒక్క క్షణమైనా ఎలా మరిచిపోయాను అని కుంగిపోతాడు. అచ్చంగా మీ సిగ్గే ఇది. కానీ చూడండి, మరిచిపోతే ఆమె వైపు ఎందుకు తిరుగుతాడు? ఆనందం కలగ్గానే కాళ్లు వాటంతటవే ఆ పిల్ల ఉండే వైపు తిరిగాయి. ఆ మల్లె చూసినప్పుడు మీకు ఎవరికి చూపించాలనిపించింది?

మల్లెపందిరి:
అమ్మమ్మకే. ఇప్పుడు మీరడిగాక గుర్తొస్తోంది, నిజంగానే నోటిదాకా పిలుపు వచ్చింది. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, కానీ ఆ రోజు సిగ్గు లాంటిది కాదు. ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. ఇంకొక్కటి అడుగుతాను. కీట్స్ శరదృతువు మీద రాసిన ‘టు ఆటమ్’ కూడా సిలబస్‌లో ఉంది. అందులో ఏడుపు లేదు కదా, పంటలు, పళ్లు, తేనెటీగలు అంతే. దాన్ని కూడా ఇలాగే చదవాలా?

వేపచెట్టు:
ఏడుపు ఉంది, చివర్లో చిన్న దోమలు ఏటి ఒడ్డున గుంపుగా ఏడుస్తుంటాయి. ఆయన ఏడవడు, అంతే తేడా. ‘నేను’ అనే మాటే రాదు ఆ కవితలో. 1819 సెప్టెంబర్ 19, ఆదివారం, వించెస్టర్‌లో నడిచొచ్చి రాశాడు. రెండు రోజుల తర్వాత స్నేహితుడు రేనాల్డ్స్‌కి రాసిన ఉత్తరం కూడా చదవండి. వసంతంలో పచ్చదనం చలిగా ఉంటుంది, కోత అయిపోయిన చేలు వెచ్చగా కనిపిస్తున్నాయి అంటాడు. అక్కడ మిగిలింది కొయ్యకాళ్లే, పంట కాదు. మీ ఊళ్లో వరికోతలు అయ్యాక ఒకసారి సాయంత్రం పూట చేను గట్టు మీద నిలబడి ‘టు ఆటమ్’ మూడో భాగం పైకి చదవండి, నేను అలాగే చదివాను.