అప్‌డేట్: ‘స్వాధీన తనఖా’ అంటే అమ్మకం కాదు

గుంటూరు పొలం పాత దస్తావేజులో ‘స్వాధీన తనఖా’ అని ఉంటే అమ్మేసినట్టేనా అని అడిగాను కదండీ. కాదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 58(డి) ప్రకారం పొలం అప్పిచ్చినవాళ్ల చేతికి వెళ్తుంది. కౌలో పంటో వడ్డీకి, అసలుకి జమవుతుంది. యాజమాన్యం మాత్రం మనదే.

చాలామంది ‘రాసి 30 ఏళ్లు దాటితే పొలం విడిపించుకునే హక్కు పోయినట్టే’ అంటారు. అది తప్పు. గడువు రాయని స్వాధీన తనఖాకి ఆ లెక్క రాసిన తేదీ నుంచి మొదలవదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది.

‘తనఖా’ మాట మూలం ఫార్సీ ‘తన్‌ఖ్వాహ్’, అంటే జీతం. మొఘలుల కాలంలో జీతం బదులు భూమి శిస్తు రాసిచ్చేవారు. మన అచ్చ తెలుగు మాట కుదువ.

బాకీ తీరాక చెల్లు రసీదు రిజిస్టర్ చేయించండి. లేకపోతే ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) తనఖా అలాగే కనబడుతుంది.