నయీముద్దీన్ కోచింగ్‌ని 2006 ఓటములతోనే కొలవాలా?

మలక్‌పేట స్టాపర్:
ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక మా గ్రౌండ్‌లో ఇద్దరు పెద్దవాళ్లు వాదించుకున్నారు. ఒకాయన, "సయ్యద్ నయీముద్దీన్ ఫుట్‌బాల్ ఆటగాడిగా గొప్పే, భారత జట్టు కోచ్‌గా మాత్రం పాతకాలం మనిషి. జపాన్ చేతిలో 6-0తో ఓడింది మర్చిపోయారా?" అని తేల్చేశారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇక్కడ అందరూ ఏమంటారో చూద్దామని పెడుతున్నా.

తెలియని తమ్ముళ్ల కోసం: నయీమ్ సాబ్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు కెప్టెన్. మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్‌ని 1-0తో ఓడించి కంచు పతకం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి ఒక్క పతకమూ రాలేదు. ఆ ఏడాదే అర్జున అవార్డు. 1990లో కోచ్‌గా ద్రోణాచార్య. ఫుట్‌బాల్ కోచ్‌లలో అది అందుకున్న మొదటి మనిషి ఆయనే.

నా మాట సూటిగా చెప్తున్నా. ఒకటి రెండు మ్యాచ్‌లు చూపించి ఇంత జీవితాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

బెజవాడ వింగర్:
అన్నా, అవార్డుల సంగతి పక్కన పెట్టి ఆట సంగతి మాట్లాడుకుందాం. 2006 ఫిబ్రవరి 22న యోకొహామాలో, ఆసియా కప్ క్వాలిఫయర్ మ్యాచ్‌లో జపాన్ 6, మనం 0. సరే, జపాన్ పెద్ద జట్టు. వారం తిరిగేసరికి ఢిల్లీలో, మన సొంత గడ్డ మీద యెమెన్ చేతిలో 3-0. దానికేం చెప్తారు? డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్న కోచ్ జట్టుకి రెండు మ్యాచ్‌లలో తొమ్మిది గోల్స్ పడ్డాయి. తిండి, పరుగు, క్రమశిక్షణ అన్నీ మంచివే. కానీ అవతలి జట్టు బంతిని మూడు టచ్‌లలో ఇటు నుంచి అటు మార్చేస్తుంటే ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది వ్యూహం. ఒంట్లో దమ్ము ఒక్కటే ఉంటే చాలదు.

మలక్‌పేట స్టాపర్:
తమ్ముడూ, లెక్క పూర్తిగా చెప్పు. ఆ ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మనం ఆడినవి ఆరు మ్యాచ్‌లు. ఆరూ ఓడాం. వేసిన గోల్స్ రెండు, తిన్నవి ఇరవై నాలుగు. అందులో నయీమ్ సాబ్ ఉన్నప్పుడు పడ్డవి తొమ్మిది. మిగిలిన పదిహేను ఆయన తర్వాత బాబ్ హౌటన్ కోచ్‌గా వచ్చాక పడ్డాయి, సౌదీలో 7-1 కూడా వాటిలోనే. ఆ 7-1ని హౌటన్ మెడకి ఎవరూ కట్టరు, నయీమ్ సాబ్‌కి మాత్రం 6-0 అంటగడతారు. ఎందుకని?

బెజవాడ వింగర్:
ఎందుకంటే హౌటన్ తర్వాత చేసి చూపించాడు కాబట్టి. 2007లో నెహ్రూ కప్, 2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్, దాని మీద 2011 ఆసియా కప్‌కి టికెట్. 1984 తర్వాత మనం మళ్లీ అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి.

మలక్‌పేట స్టాపర్:
నేను అడిగేదీ అదే. హౌటన్‌కి ఐదేళ్లు దొరికాయి, విదేశాల్లో నెలల తరబడి క్యాంపులు పెట్టుకోనిచ్చారు. నయీమ్ సాబ్‌ని యెమెన్ మ్యాచ్ తర్వాత పక్కన పెట్టేశారు. అంతకు ముందు 2005 డిసెంబర్‌లో కరాచీలో బంగ్లాదేశ్ మీద 2-0తో సాఫ్ కప్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) గెలిపించింది నయీమ్ సాబే. 1997లో కాఠ్మాండూ ఫైనల్‌లో మాల్దీవులని 5-1తో చిత్తు చేసిన జట్టుకీ ఆయనే కోచ్.

బెజవాడ వింగర్:
సాఫ్ కప్‌ని కొలబద్ద చేయకండి అన్నా. మనం దాన్ని తొమ్మిదిసార్లు గెలిచాం. ఇగోర్ స్టిమాచ్‌ని చూడండి. ఆయనా డిఫెండరే, 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం వచ్చిన క్రొయేషియా జట్టులో ఆడాడు. మన కోచ్‌గా 2021లో, 2023లో సాఫ్ గెలిచాడు. తీరా 2024 జనవరిలో ఖతార్ ఆసియా కప్‌కి వెళ్తే మూడు మ్యాచ్‌లూ ఓటమే, ఒక్క గోల్ కూడా వేయలేదు. పక్కింటి వాళ్ల మీద గెలుపు వేరు, ఆసియాలో నిలబడటం వేరు.

మలక్‌పేట స్టాపర్:
స్టిమాచ్ పోలిక బాగుంది, అది ఒప్పుకుంటా. అయితే దాన్నిబట్టి తేలేది కూడా చూడు. యూరప్‌లో పెరిగిన డిఫెండర్ వచ్చినా అదే గోడకి తగిలాడు. మరి లోపం కోచ్ బుర్రలో ఉందా, కింద నుంచి పైకి వచ్చే పిల్లల్లో ఉందా?

మైదాన్ తెలుగోడు:
కోల్‌కతాలో పాతికేళ్లుగా ఉంటున్నా, ఒక మాట కలుపుతాను. ఇక్కడ ముసలి అభిమానులని నయీమ్ గురించి అడిగితే ఎవరూ 2006 ఎత్తరు, 1990 ఎత్తుతారు. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ టోర్నీలు మూడూ గెలిచింది. కోచ్ నయీమే. ఆటగాడిగా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ మూడు క్లబ్బులకీ ఆడిన మనిషి. ఇక్కడ క్లబ్ మారితే ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. అలాంటి చోట మూడు వైపులా గౌరవం దక్కించుకోవడం చిన్న విషయం కాదు. అయినా వింగర్ గారి మాటలో కూడా నిజం ఉంది. రోజూ కళ్లెదుట ఉండే క్లబ్ జట్టుని మలచడం వేరు, పదిహేను రోజుల క్యాంప్‌తో దేశం జట్టుని నిలబెట్టడం వేరు. నయీమ్ పద్ధతి మొదటి దానికి సరిపోయేది.

గ్రౌండ్ సార్:
నేను పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఆట నేర్పిస్తాను. ఈ చర్చలో నాకు బాగా దగ్గరైన విషయం తిండి. నయీమ్ గారి కోచింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది కచ్చితత్వం. నూనె, మసాలా వద్దు, టైముకి పడుకోవాలి, ఒళ్లు తేలిగ్గా ఉండాలి. నేనూ అదే మొదలుపెట్టాను. బయటి తిండి మానండి, ఉడికించిన గుడ్లు, కూరగాయలు తినండి అని రూల్ పెట్టాను. నెల తిరక్కుండా నా ఇద్దరు మంచి డిఫెండర్లు రావడం మానేశారు. ఒకడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ పొద్దున ఐదింటికి పనికి వెళ్తుంది. వాడు తినేది రాత్రి మిగిలిన అన్నంలో పచ్చడి. గుడ్డు తినమని చెప్పాను గానీ గుడ్డు ఎవరు కొంటారో నేను ఆలోచించలేదు. ఆ రోజు వాడి ముందు తలెత్తుకోలేకపోయాను.

అప్పటి నుంచి నాకు ఒకటి అర్థమైంది. కోచ్ రహీం సాబ్ కాలంలో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కుర్రాళ్లకి ఉద్యోగం ఉండేది, నెల జీతం వచ్చేది. నయీమ్ గారు వచ్చింది ఆ హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచే. పూట గడుస్తుందన్న ధైర్యం ఉన్న కుర్రాడిని ఎంత కఠినంగా అయినా పరిగెత్తించవచ్చు. ఇప్పుడు ఆ జట్లు పోయాయి, ఉద్యోగాలూ పోయాయి, కఠినత్వం మాత్రం మిగిలింది. అందుకే పిల్లలకి అది శిక్షలా అనిపిస్తోంది. తప్పు నయీమ్ గారిదని నేను అనను.

బెజవాడ వింగర్:
సార్, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు. యెమెన్ మ్యాచ్ మీద నా మాట మారదు, అక్కడ ఆయన లెక్క తప్పింది. కానీ "పాతకాలం మనిషి" అన్న మాట నేను వాడను. ఆ ఇద్దరు పిల్లలూ తిరిగి వచ్చారా?

గ్రౌండ్ సార్:
ఒకడు వచ్చాడు. ఇప్పుడు ప్రాక్టీస్ అయ్యాక నలుగురు తల్లిదండ్రులం వంతులవారీగా గుడ్లు ఉడికించి తెస్తున్నాం. రెండోవాడు మెకానిక్ షెడ్‌లో చేరాడు. ఎడమ కాలితో ఎంత శుభ్రంగా ట్యాకిల్ చేసేవాడో.

మలక్‌పేట స్టాపర్:
సార్, గ్రౌండ్ ఎక్కడో నాకు మెసేజ్ పెట్టండి. బుధవారం గుడ్లు నావి.