గిన్నె పెట్టకుండానే కుక్కర్లో బియ్యం పోసేశాను. నవ్వుకున్నాం, కానీ ఒక మాట అడగాలి

గోదారిగట్టు:
మొన్న పొద్దున అయిదున్నరకి, తపేలాలో కడిగిన రెండు గ్లాసుల బియ్యం నీళ్లతో సహా కరెంటు కుక్కర్లో పోసేశాను. లోపల గిన్నె లేదు! అది సింకు పక్కన బోర్లించే ఉంది. ప్లేటు మధ్యలో ఉండే బొత్తాం చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయి, బియ్యం సందుల్లోకి జారిపోతున్నాయి. చూస్తూ నిలబడ్డానే గానీ ఏం తప్పు జరిగిందో ఒక క్షణం తట్టలేదు. ఇంకా ప్లగ్ పెట్టలేదు, దేవుడి దయ. మా అమ్మాయి "అమ్మా, గిన్నె!" అని అరిచింది. ఇద్దరం వంటింట్లో కింద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. మావారు కుక్కర్ని బోర్లించి బాల్కనీలో ఎండబెట్టారు.

మా అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. "నేను కళ్లజోడు తల మీద పెట్టుకుని వెతికినప్పుడు కూడా ఇలాగే నవ్వుతారు కదా" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. నా పొరపాటుకి నేను నవ్వుకుంటే మనసు తేలికపడింది. అదే నవ్వు ఆవిడకి గుచ్చుకుంటోందా? మీ ఇళ్లలో ఎలా ఉంటుంది?

సైకాలజీ టీచర్:
మీ కుక్కర్ సంగతి చదవగానే జేమ్స్ రీజన్ గుర్తొచ్చారు. బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఒకరోజు టీ పెడుతూ, పిల్లికి వేయాల్సిన తిండి టీ పాత్రలో వేసేశారు. అక్కడి నుంచి మనుషుల పొరపాట్ల మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఆయన చెప్పిందాంట్లో నాకు బాగా నచ్చింది ఇది: ఇలాంటివి రాని పనిలో కన్నా, చేతికి బాగా అలవాటైన పనిలోనే ఎక్కువ జరుగుతాయి. పని చెయ్యి చేసుకుపోతుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. కాబట్టి మీకు వంట రాదనో, మతి పోతోందనో కాదండీ.

కాజీపేట బాబాయ్:
చెల్లెమ్మా, నేను రైలింజన్ నడిపి రిటైరైనవాణ్ణి. సిగ్నల్ కనపడితే క్యాబ్‌లో ఉన్న ఇద్దరం దాని రంగు పైకి చెప్పాలి. ఒకరు చెబితే రెండోవాళ్లు తిరిగి అనాలి. రోజూ పోయే దారే, రోజూ చూసే సిగ్నలే, అయినా చెప్పాల్సిందే. జపాన్ రైళ్లలో వేలు చూపించి మరీ చెప్తారు. మా ఇంట్లో కూడా "గ్యాస్ ఆఫ్", "మోటార్ ఆఫ్" అని పైకి అంటాం. ఒకప్పుడు ట్యాంకు పొంగి పక్కింటి గోడంతా తడిసేది, ఇప్పుడు ఆ గొడవ లేదు.

నర్సమ్మ:
అక్కా, అత్తయ్యగారి మాట తేలిగ్గా తీసుకోకండి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అందరి ఇళ్లలో ఉన్నదే. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వేరు, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం వేరు. రెండో రకం ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బి12 తగ్గినా, థైరాయిడ్ ఉన్నా, నిద్ర చాలకపోయినా మతిమరుపు వస్తుంది, వాటికి మందుంది. నవ్వు సంగతంటారా, మా ఇంట్లో ఒకటే పద్ధతి. పొరపాటు చేసినవాళ్లు ముందు నవ్వాలి, తర్వాతే మిగతావాళ్లు. మా నాన్నగారి దగ్గర ఈ పద్ధతి ఆలస్యంగా నేర్చుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గోదారిగట్టు:
అందరికీ దణ్ణం. నర్సమ్మ గారూ, నిన్న రాత్రి ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. దారి మర్చిపోవడం లాంటివేం లేవట. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు, రెండింటికే మెలకువ వచ్చేస్తోందట. మాకెవరికీ తెలియదు. శనివారం పరీక్షలకి తీసుకెళ్తున్నాను. ఇన్నాళ్లూ నవ్వినందుకు క్షమించమన్నాను. ఆవిడేమీ అనలేదు, నా చెయ్యి పట్టుకున్నారు.

కుక్కర్ ఆరింది, పనిచేస్తోంది. బాబాయి గారు చెప్పినట్టు ఈ పొద్దున "గిన్నె పెట్టాను" అని పైకి అన్నాను. హాల్లోంచి అత్తయ్యగారు "పెట్టావు, ప్లగ్ పెట్టు" అన్నారు.