జపాన్ పాతకాలపు యోధుడు సమురాయ్ నడుముకు రెండు కత్తులెందుకు? రెండింటితో ఒకేసారి కొట్లాడేవాళ్లా?

ధర్మాబాద్ కుర్రాడు:
మాది నాందేడ్ జిల్లా. సిక్కుల గురుద్వారా హజూర్ సాహిబ్ పుణ్యమా అని కత్తి చూడటం మా వైపు కొత్త కాదు. సిక్కుల ఆరో గురువు హరగోబింద్ మీరీ, పీరీ అని రెండు కత్తులు ధరించారని, ఒకటి లోకాధికారానికి, ఇంకోటి ఆధ్యాత్మిక అధికారానికి గుర్తని ఇక్కడ చాలామందికి తెలుసు. జపాన్ సమురాయ్‌ల బొమ్మల్లో కూడా ఎప్పుడూ ఒక పెద్దది, ఒక చిన్నది కనిపిస్తాయి. వాటికీ ఇలాంటి అర్థమే ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బిలోలి మాస్టారు:
తమ్ముడూ, అక్కడ లెక్క వేరు. ఆ జతను దైషో అంటారు. పెద్దది కతానా, దాని అలుగు 60 సెంటీమీటర్లకు పైమాటే. చిన్నది వకిజాషి, 30 నుంచి 60 మధ్యలో ఉంటుంది. జపాన్‌లో ‘ఎదో’ అని పిలిచే యుగంలో (1603–1868) వర్తకులు, ప్రయాణికులు కూడా చిన్న కత్తి ఒకటి పెట్టుకోవచ్చు గానీ రెండూ కలిపి పెట్టుకునే హక్కు మాత్రం సమురాయ్‌లదే, అంటే దారిలో ఎదురయ్యే మనిషి ఎవరో నడుము చూసి చెప్పేయొచ్చన్నమాట. అంతకుముందే 1588లో, అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి రైతుల దగ్గర కత్తులన్నీ లాగేసుకున్నాడు, ఆయుధం ఒక వర్గం సొత్తు కావడానికి అది పెద్ద మలుపు.

నాకు మహా ఇష్టమైన సంగతి ఇంకోటుంది. ఎవరింటికైనా వెళ్తే పెద్ద కత్తి తీసి గుమ్మం దగ్గర అప్పగించాలి, లేదా కూర్చున్నప్పుడు కుడి పక్కన పెట్టుకోవాలి. కుడిచేత్తో దూయాలంటే కత్తి ఎడమవైపు ఉండాలి కదా, కుడివైపు పెట్టాడంటే నీ మీద నాకు దురుద్దేశం లేదని నోరు విప్పకుండా చెప్పినట్టే. చిన్నది మాత్రం ఇంట్లో కూడా నడుముకే ఉండేది.

ధర్మాబాద్ కుర్రాడు:
థాంక్స్ మాస్టారూ. మరి పేరుమోసిన కత్తివీరుడు మియామోతో ముసాషి రెండు చేతులా రెండు కత్తులు తిప్పేవాడంటారు కదా?

సిరోంచ అన్న:
తిప్పేవాడు, నిజమే. నితెన్ ఇచి ర్యూ అనే పద్ధతి ఆయనదే. చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు ఒక ఆయుధం దూయకుండానే నడుముకు ఉండిపోయి చచ్చిపోవడం తప్పని ఆయన వాదన. ఒంటిచేత్తో పెద్ద కత్తి ఆడించడం అలవాటైతే గుర్రం మీద, గుంపులో పనికొస్తుందని కూడా చెప్పాడు. అయినా మామూలుగా మాత్రం రెండు చేతులతో ఒకే కతానా పట్టుకుని పోరాడేవాళ్లు. సినిమాల్లో చూపించినట్టు జంట కత్తుల యుద్ధం అరుదు, దయచేసి దాన్నే అసలు పద్ధతి అనుకోకండి.

బిలోలి మాస్టారు:
బాగా చెప్పావు. ఒక్కటి కలుపుతాను. ఎదో యుగం తర్వాత వచ్చిన మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం 1876లో బయట కత్తులు ధరించడాన్ని నిషేధించింది. సైనికులకు, పోలీసులకు, కొన్ని లాంఛనాలకు తప్ప. సమురాయ్‌లకు వచ్చే జీతభత్యాలు కూడా అదే ఏడాది పోయాయి. నడుముకున్న కత్తులే తమ గుర్తింపుగా బతికినవాళ్లకు అదెంత కష్టమై ఉంటుందో ఆలోచించండి, మరుసటి ఏడాదే జపాన్ దక్షిణాన ఉన్న సత్సుమాలో సమురాయ్‌ల తిరుగుబాటు లేచింది.