‘గీతలు తీయబడును’: తీసేది గీతనా, రంగునా?

నల్లకారు:
మా వీధి చివర కార్లు కడిగే చోట కొత్తగా బోర్డు పెట్టారు: ‘అన్ని రకాల గీతలు తీయబడును’. ‘బడును’ సంగతి వదిలేద్దాం, అది లేకపోతే తెలుగు బోర్డుకు హుందాతనం రాదని అందరి నమ్మకం. నా అనుమానం ‘తీయు’ మీద. ముల్లు తీస్తాం, మరక తీస్తాం. ఇవి లోపల దిగినవో పైన అంటుకున్నవో. గీత అలాంటిది కాదు కదా? అక్కడ ఉండవలసిన రంగు లేకపోవడమే గీత. లేనిదాన్ని తీయడం ఎలా? ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించే సన్నని గీతలను ఇంగ్లీషులో ‘స్విర్ల్’ అంటున్నారు. తెలుగులో ‘సుడిగీతలు’ అందామా?

తెలుగు మాస్టారు:
బాబూ, ‘తీయు’ను అంత ఇరుకులో పెట్టకండి. మరక తీస్తే మరక పోతుంది, గొయ్యి తీస్తే గొయ్యి వస్తుంది. ఒకే క్రియ, ఫలితాలు ఎదురెదురు. రేకు పని చేసేవారు ‘సొట్ట తీశాం’ అంటారు, సొట్ట కూడా వస్తువు కాదు. వాడుక ప్రకారం ‘గీత తీయడం’ తప్పేమీ కాదు.

నాకు బాధ కలిగించేది వేరే. రకరకాల దెబ్బలకు మనకు రకరకాల మాటలు ఉండగా అన్నిటినీ ‘గీత’ కింద కుక్కేస్తున్నారు. బండి గోడకు ‘రాసుకుంది’ అంటే ఒక పక్కంతా ఒరిపిడి. ఈ ‘రాయు’ ఉత్తరం రాసే ‘వ్రాయు’ కాదు, నూనె రాయడంలోని ‘రాయు’. రాపిడి దాని కుటుంబమే. ముళ్ళకంప తగిలితే ‘గీసుకుపోయింది’. పిల్లి బానెట్ మీదికి ఎక్కితే ‘బరికింది’ లేదా ‘రక్కింది’. ఎవరో అక్కసుతో తాళం చెవితో లాగితే అది ‘గాటు’. మీరు చెబుతున్న సాలెగూడు వీటిలో ఏదీ కాదు, ఒక్క దెబ్బతో పుట్టినదీ కాదు. దానికి పేరు కావాలంటే అది ఎలా పుడుతుందో ముందు తెలియాలి. పని తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

షెడ్డు:
నమస్కారం మాస్టారూ. కార్ల రంగు పనిలో ఉన్నవాణ్ణి. మా దగ్గర ఈ పనిని ‘రబ్బింగ్’ అంటారు, ‘కటింగ్’ అని కూడా అంటారు. ఆ రెండో మాట నిజం చెబుతుంది, ఎందుకంటే మేము చేసేది కోతే.

ఇప్పటి కారుకు రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 వరకు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మీ కారు మెరుపంతా వెంట్రుక కన్నా పలుచని పొరలో ఉందన్నమాట. సన్న గీతలు ఆ పొరలోనే ఉంటాయి. కాంపౌండ్ (రాపిడి పొడి కలిపిన ముద్ద) వేసి మెషిన్ తిప్పితే గీత పూడదు. గీత అడుగుమట్టం దాకా చుట్టుపక్కల ఉన్న పూత అరిగిపోతుంది. ఒడ్డు లేకపోతే కాలువ ఉండదు కదా, అంతే. కొన్ని మైక్రాన్లు ఖర్చు. ఆ పొర మళ్ళీ పెరగదు. ఏటా ‘ఫుల్ రబ్బింగ్’ చేయించే వాళ్ళ కార్లకు కొన్నేళ్ళకు పైకప్పు మీద, అంచుల దగ్గర క్లియర్ కోటు పొలుసులుగా లేస్తుంది.

పాత అంబాసిడర్లకు ఈ పై పొర లేదు. పాలిష్ చేస్తే గుడ్డకు కారు రంగే అంటేది. అప్పుడు ఏది అరుగుతోందో యజమానికి కళ్ళకు కనిపించేది. ఇప్పుడు గుడ్డ తెల్లగానే వస్తుంది, అందుకే ఏమీ పోలేదని అనుకుంటారు.

నల్లకారు:
అయితే మా వీధివాళ్ళు నిజానికి రాయవలసింది ‘రంగు అరగదీయబడును’ అని!

తెలుగు మాస్టారు:
‘అరగదీయు’ చక్కని మాట, గంధం చెక్కను సానమీద అరగదీస్తాం కదా. ‘సాన’ సంస్కృత ‘శాణ’ నుంచి వచ్చింది. భర్తృహరి నీతిశతకంలో సానబట్టిన మణిని గురించి ఒక శ్లోకం ఉంది. ఆ మణి సన్నబడి కూడా, ఆ సన్నదనంతోనే శోభిస్తుందని భావం. మెరుపుకు మూల్యం తరుగుదలేనని అంత పాతకాలంలోనే తెలుసు. అయితే మణికి తరగడానికి చాలా ఉంది. మీ వెంట్రుక మందం పూతకు ఆ వైభవం లేదు.

షెడ్డు:
ఇక ‘సుడి’ మాట. మాస్టారూ, దీన్ని నేను ఒప్పుకోను. ఆ గీతలు గుండ్రంగా ఉండవు. రాత్రి ఫోను టార్చి వెలిగించి బానెట్ మీద ఒకచోట చూపండి, వెలుగు చుట్టూ వలయాలు కనిపిస్తాయి. టార్చి పక్కకు జరిపితే వలయాలూ దానితోపాటే జరుగుతాయి. నిజంగా సుడులే అయితే ఉన్నచోటే ఉండాలి కదా? గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే తళుక్కుమని మన కంటికి తగులుతాయి, అవే వలయంలా అమరినట్టు అనిపిస్తాయి. ‘సుడి’ అంటే గుండ్రంగా తుడవడం వల్ల వచ్చాయని అర్థం చేసుకుంటారు. అందుకే చాలామంది నిలువుగా తుడిచి, ఇక భయం లేదనుకుంటారు. మురికి గుడ్డతో నిలువుగా తుడిచినా గీత గీతే.

తెలుగు మాస్టారు:
బాగు బాగు. ‘సుడి’ని వెనక్కి తీసుకుందాం. ‘తుడుపు గీతలు’ అంటే? పుట్టుకను చెబుతుంది, నివారణకూ దారి చూపుతుంది.

షెడ్డు:
నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ కింద చూడండి. ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా కార్లు. మొదటి కారు దుమ్ము చివరి కారుకు చేరుతుంది. నీళ్ళు కూడా లేకుండా పొడిగుడ్డతోనో ఈకల కుంచెతోనో దులపడం ఇంకా ఘోరం. హైదరాబాద్ నేలంతా గ్రానైటే. ఆ రాయి చితికిన దుమ్ములో పలుగురాయి రేణువులు ఉంటాయి. క్లియర్ కోటుకు అవి ఉలులే.

కడిగే పద్ధతి సులభమే. నీడలో నిలిపి, ముట్టుకోకుండా ముందు నీళ్ళు ధారగా కొట్టి మట్టి జారనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకటి షాంపూ నీళ్ళు, రెండోది గుడ్డ జాడించడానికి. మైక్రోఫైబర్ తొడుగుతో పైకప్పు నుంచి కిందికి రావాలి, తలుపుల అడుగుభాగం అన్నిటికన్నా మురికి కాబట్టి దాన్ని చివరికి వదలాలి. చక్రాలకు వేరే గుడ్డ. కింద పడిన గుడ్డను మళ్ళీ కారుకు తగిలించకూడదు, ఇది మా కుర్రాళ్ళకు రోజూ చెప్పే మాట. దుమ్ము మీద కారు కవరు కప్పడం కూడా వద్దు. గాలికి కవరు కొట్టుకుంటూ రోజంతా రబ్బింగ్ చేసిపెడుతుంది.

చికాగో చుట్టం:
ఇక్కడ బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లో పెట్టి తీసుకొచ్చిన మా మరిది కారు మీద సరిగ్గా ఇవే గీతలు. ముందు వెళ్ళిన బండి బురద ఆ బ్రష్షుల్లోనే ఉంటుందేమో అనిపించింది. బ్రష్షు లేకుండా నీటి ఒత్తిడితో కడిగే చోటికి వెళ్ళమన్నాను. ఇంకో సందేహం: రంగు మీద సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పూత వేస్తే ‘9హెచ్ గట్టిదనం, గీతలు పడవు’ అంటున్నారు. ఈ తొమ్మిది ఏ కొలతలో తొమ్మిది?

షెడ్డు:
మంచి ప్రశ్న అక్కా. అది పెన్సిళ్ళ కొలత. వేర్వేరు గట్టిదనాల పెన్సిళ్ళతో పూత మీద గీసి చూసే పరీక్ష ఉంది, అందులో 9హెచ్ పెన్సిల్‌కు తట్టుకుందని దాని అర్థం. ఖనిజాలను కొలిచే మోస్ కొలతలో తొమ్మిది అంటే కురువిందం (కెంపు, నీలం ఈ ఖనిజమే), పది అంటే వజ్రం. ఆ కొలతలో పలుగురాయి ఏడు. జనం రెండు కొలతలూ ఒకటే అనుకుని కారుకు కురువిందం పూశామని సంబరపడతారు. సిరామిక్ వల్ల నీళ్ళు జారిపోతాయి, కడగడం తేలిక, కాబట్టి తుడుపు గీతలు కొంత తగ్గుతాయి. గీతలు పడవన్నది అమ్మేవాళ్ళ మాట. నిజంగా అడ్డుకునేది పాలియురెథేన్ ఫిల్మ్, అంటే రంగు మీద అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే సర్దుకుంటాయి. ఖరీదూ ఆ స్థాయిలోనే ఉంటుంది.

నల్లకారు:
కొబ్బరినూనె రాస్తే గీతలు పోతాయని మా బాబాయి పట్టు. టూత్‌పేస్టు అని ఇంకొకరు.

షెడ్డు:
రెండూ ఒకటి కాదు. నూనె గీతలో నిండుతుంది, వెలుగు చెదరడం ఆగుతుంది, కంటికి కనబడదు. ఒక కడుగుతో మళ్ళీ ప్రత్యక్షం. కొన్ని షెడ్లలో గ్లేజు (గీతలను నింపి మెరిపించే పూత) రాసి ఇచ్చేదీ ఈ పద్ధతే. దీన్ని ‘తీయడం’ అనకుండా ‘కప్పడం’ అంటే గొడవ లేదు. అనుమానం ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి ఒకచోట తుడవండి, కప్పినవన్నీ బయటపడతాయి. టూత్‌పేస్టులో మాత్రం నిజంగానే సన్నని రాపిడి పొడి ఉంటుంది. కానీ అది పళ్ళకోసం చేసింది. కారు మీద ఒకచోట మెరుస్తుంది, ఒకచోట మసకబారుతుంది.

తెలుగు మాస్టారు:
అయితే మూడు పనులకు మూడు క్రియలు తేలాయి: అరగదీయడం, కప్పడం, ఫిల్మ్‌కు సర్దుకోవడం. ఫలితానికి ‘నిగ్గు తేలడం’ అనండి. నిగ్గు అంటే మెరుపే, నిజం తేలడమన్న అర్థమూ వెంటే వస్తుంది.

షెడ్డు:
నల్లకారు గారూ, మీ బానెట్ కడిగి ఆరాక గీతకు అడ్డంగా గోరు నడిపి చూడండి. గోరు తట్టుకుంటే ఎవరు ఎంత రుద్దినా లాభం లేదు, మాస్టారి మాటలో అది గాటు. అక్కడ టచప్ రంగు పెట్టించండి. గోరు జారిపోతే పూత మందం కొలిచే మీటరు ఉన్న చోట, ముందు మెత్తని ప్యాడ్‌తో చిన్న పాలిష్ ఒక్కటే అడగండి. కాంపౌండ్ ఆ తర్వాత, అవసరమైన చోట మాత్రమే. మీటరు లేదు, కంటితోనే తెలుస్తుంది అన్నారంటే బండి వెనక్కి తిప్పుకోండి.