కొత్త పీసీ: ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ రావట్లేదు. పవర్ సప్లై మార్చాలా?

నెల్లూరమ్మాయి:
ఉండేది చెన్నై పెరంబూరులో. రిచీ స్ట్రీట్‌లో ఒకే షాపులో అన్నీ కొని ఇంట్లో బిగించుకున్నా. రైజెన్ 5 9600ఎక్స్, బి650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ 16 జీబీవి రెండు, 650 వాట్ల పవర్ సప్లై. గ్రాఫిక్స్ కార్డు లేదు, హెచ్‌డీఎంఐ బోర్డుకే పెట్టా. బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, మానిటర్ మీద నో సిగ్నల్. బోర్డు మీద ఎర్ర లైటు ఒకటి వెలిగే ఉంటుంది. షాపాయన సప్లై చాలట్లేదు, 850 వాట్లది తీసుకోమంటున్నాడు. తీసుకోవాలా?

మల్టీమీటర్:
850 అక్కర్లేదు. 9600ఎక్స్ మామూలు సెట్టింగుల్లో 88 వాట్లు దాటదు, కార్డూ లేదు. కానీ సప్లై మీద అనుమానం సరైనదే. ఫ్యాన్లు తిరిగినంత మాత్రాన సప్లై బాగున్నట్టు కాదు. ఫ్యాన్‌కి 12 వోల్టులు చాలు. బోర్డు లేవాలంటే 5, 3.3 కూడా రావాలి. అన్నీ నిలకడగా ఉన్నాయని చెప్పే 5 వోల్టుల సిగ్నల్ గ్రే తీగ మీద రావాలి. అది రాకపోతే బోర్డు ప్రాసెసర్‌ని పని మొదలెట్టనివ్వకుండా రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది.
మీటరు డీసీ 20 మీద పెట్టండి. నల్ల ముల్లు కేబినెట్ స్క్రూకి, ఎర్ర ముల్లు బోర్డుకి కరెంటిచ్చే 24 పిన్ కనెక్టర్ వెనకనుంచి తీగ పక్కగా లోపలికి. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టులు చూపాలి. తీగలన్నీ నల్లవే అయితే మాన్యువల్‌లో పిన్ నంబర్లు చూసుకోండి, గ్రే 8వది.

బోర్డు_బాబాయ్:
మీటరు తర్వాత సంగతి. ఆ లైటు పక్కన చిన్న అక్షరాలుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్. ఏది వెలుగుతోందమ్మా? సీపీయూ అయితే బయోస్, అంటే ఆన్ చేయగానే నడిచే బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్, పాతదై ఉంటుంది. బి650 బోర్డులు 2022 అక్టోబరులో వచ్చాయి, 9600ఎక్స్ వచ్చింది 2024 ఆగస్టులో. గోడౌన్‌లో పడున్న పాత స్టాకైతే దానికి ఈ ప్రాసెసర్ ఎవరో తెలీదు. పెట్టె మీద 9000 సిరీస్‌కి రెడీ అని స్టిక్కరుందా?

రెండో_స్లాటు:
ర్యామ్ ఒకటి తీసేసి, రెండోదాన్ని ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో టక్కుమనేదాకా నొక్కండి. డీడీఆర్5 మొదటిసారి ట్రైనింగ్‌కి, అంటే బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోడానికి, చాలా నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

నెల్లూరమ్మాయి:
సీపీయూ అనే ఉంది. ఒక్క ర్యామ్‌తో 20 నిమిషాలు ఆగా, మార్పు లేదు. స్టిక్కరు లేదు.

మల్టీమీటర్:
సీపీయూ లైటంటే బయోసే అని రాసిపెట్టి లేదు. బోర్డు పైన ఎడమ మూలన ప్రాసెసర్‌కి కరెంటిచ్చే 8 పిన్ పెట్టకపోయినా ఇదే లైటు, ఇవే ఫ్యాన్లు. 4+4గా విడిపోయేది సీపీయూ కేబుల్, 6+2 కార్డుది. కార్డుది అక్కడ దూరదు, బలవంతంగా తొయ్యొద్దు. ఇంకోటి, వేరే సప్లై పెట్టి చూస్తే దాని కేబుళ్లే వాడాలి. సప్లై వైపు పిన్నుల వరస అందరిదీ ఒకటి కాదు, పాత తీగ కొత్త సప్లైకి పెడితే బోర్డు కాలిపోతుంది.

అంబత్తూరు_రవి:
ప్రాసెసర్ తీసి సాకెట్ పిన్నులు చూడండి. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకుంటే వంగింది ఒక్కటున్నా మెరుపు తేడాగా కనిపిస్తుంది.

బోర్డు_బాబాయ్:
ఇప్పుడే తీయొద్దు. 1718 పిన్నులు, వెంట్రుకంత సన్నం. ప్రాసెసర్ చేయి జారి మూల తగిలితే చాలు. భౌతికంగా దెబ్బతింటే వారంటీ రాదు.

మల్టీమీటర్:
బాబాయ్ గారికి ఏ పీసీ ఆగినా బయోసే. కొలవకుండా రోగం ఎలా చెబుతారు?

బోర్డు_బాబాయ్:
మొదటిసారి బిగించిన మనిషిని, నడుస్తున్న బోర్డులో ముల్లు గుచ్చమంటారా? అది జారి పసుపుకీ నారింజకీ ఒకేసారి తగిలితే 12 వోల్టులు 3.3 లైన్లోకి పోతాయి. అప్పుడు మీరొచ్చి బోర్డు కొనిస్తారా?

మల్టీమీటర్:
అయితే బయోస్ పాతదని కొత్తది ఎక్కిస్తుంటే, ఆ ఫ్లాష్ మధ్యలో కరెంటు పోతే మీరు కొనిస్తారా? నా బోర్డు అలాగే పోయింది. షాపువాళ్లు మీరు కెలికారు అని వారంటీ లేదన్నారు, పైగా చెకింగ్‌కి 500 తీసుకున్నారు. బోర్డూ ప్రాసెసరూ ఒకే బిల్లు మీద అమ్మినవాడు రెంటికీ జత కుదురుతుందో లేదో చూసి ఇవ్వాలి. ఆ పని ఈవిడ నెత్తిన ఎందుకు పెడతారు? సప్లై కొలిచి, బాగుందని తేలితే బోర్డు తీసుకెళ్లి వాళ్ల టేబుల్ మీదే పెట్టాలి. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే.

బోర్డు_బాబాయ్:
మొదట్నుంచీ అన్నది గ్రే తీగ గురించి. ఈ మాట ముందే చెప్పుంటే సగం గొడవ ఉండేది కాదు. షాపు చేసివ్వాలి, ఒప్పుకుంటా. కానీ వాళ్లు వారం రోజులు పెట్టుకుంటారు, ఆ వారం ఎవరిస్తారు? మీ బోర్డు బయోస్ మెనూలోంచి ఫ్లాష్ చేస్తుంటే పోయి ఉంటుంది. వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుల్లో ఆ పనికి విడిగా చిప్ ఉంటుంది. సగంలో ఆగినా అదే బటన్‌తో మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.
అమ్మా, బటన్ ఉంటేనే చెయ్యి. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చెయ్యి. బోర్డు మీద అచ్చయిన పేరు రివిజన్‌తో సహా చూసి, తయారీదారు సైట్లోంచి కొత్త బయోస్ దించు. మాన్యువల్ చెప్పిన పేరు పెట్టు, ఒక్క అక్షరం తప్పినా ఫ్లాష్ జరగదు. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ కోసం గుర్తు వేసిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. 24 పిన్, 8 పిన్ తగిలించి ఉండాలి, పీసీ ఆఫ్‌లో ఉండాలి. బటన్ 3 సెకన్లు నొక్కు. లైటు మినుకుతున్నంతసేపూ ఏదీ ముట్టుకోకు. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టు.

నెల్లూరమ్మాయి:
ఇద్దరు చెప్పిందీ చేశా. 8 పిన్ గట్టిగానే కూర్చుంది. పక్కింటి ఎలక్ట్రీషియన్ అన్న కొలిచిపెట్టాడు: పసుపు 12.1, గ్రే 4.9. తర్వాత ఫ్లాష్‌బ్యాక్, 6 నిమిషాలు పట్టింది. ఆన్ చేస్తే సీపీయూ లైటు ఆరి, డీర్యామ్ లైటు 4 నిమిషాలు వెలిగింది, ఆ తర్వాత బయోస్ తెర వచ్చింది!

మల్టీమీటర్:
సంతోషం. 850 కొనకండి. అయినా బిల్లు పట్టుకుని షాపుకెళ్లి పాత బయోస్ బోర్డు ఇచ్చారని చెప్పండి. అదే స్టాకు రేపు ఇంకొకరికి అంటగడతారు.

బోర్డు_బాబాయ్:
వెళ్లమ్మా, అందులో మా ఇద్దరి మాటా ఒకటే. ఇప్పుడు రెండో ర్యామ్ నాలుగో స్లాటులో పెట్టు. ర్యామ్ మామూలుగా 4800 దగ్గరే నడుస్తుంది, నీది 6000 అయితే బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్యి. సేవ్ చేయగానే మళ్లీ ట్రైనింగ్ మొదలై తెర నల్లబడుతుంది. 10 నిమిషాల దాకా బటన్ జోలికి పోకు.